పెళ్లి వీడియోకు తాళం పడింది

2021 జూన్. నిడదవోలులో మధ్యాహ్నానికే షట్టర్లు దిగిపోతున్న రోజులు. అటు హౌరా-చెన్నై లైను, ఇటు భీమవరం లైను కలిసే జంక్షన్ కాబట్టి మామూలుగా స్టేషన్ రోడ్డు ఎప్పుడూ సందడిగానే ఉంటుంది. కరోనా రెండో దెబ్బకి అదీ మూగబోయింది. ఆ దారిలో ఇరవై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాయన అప్పుడే లైట్లు ఆపబోతుంటే ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. ముందు గుర్తుపట్టలేదు. మాస్కు కిందికి దించాక గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరిలో, లాక్‌డౌన్‌కి సరిగ్గా నెలరోజుల ముందు, వాళ్లమ్మాయి పెళ్లికి ఫొటోలూ వీడియోలూ తీసింది ఆయనే.

‘‘తమ్ముడూ... ఆ పెళ్లి వీడియో ఇంకా నీ దగ్గరే ఉండిపోయింది కదా. ఓసారి ఇస్తావా? ఆయన పోయారు. మే నెలలో.’’

ఆల్బమ్ అప్పట్లోనే ఇచ్చేశాడు. వీడియో మాత్రం ఇవ్వలేదు. పన్నెండు వేలు బ్యాలెన్సు ఉండిపోయింది మరి. ఈ వ్యాపారంలో అందరూ చేసేదే అది. ఆల్బమ్ చేతికొచ్చాక బాకీ సంగతి మర్చిపోయేవాళ్లు చాలామంది కాబట్టి ఏదో ఒకటి చేతిలో అట్టిపెట్టుకోవాలి. ‘రేపు ఇద్దాం, ఎల్లుండి ఇద్దాం’ అనుకునేలోపు లాక్‌డౌన్ వచ్చింది. ఆ పెద్దాయన ఉద్యోగం లేక ఇబ్బంది పడుతున్నారని తెలిసి అడగటానికి ఈయనకీ మొహమాటమేసింది. అడగలేదు, ఇవ్వనూ లేదు.

‘‘అలాగేనండీ, రెండ్రోజుల్లో మిక్సింగ్ చేసి ఇచ్చేస్తాను. డబ్బుల సంగతి తర్వాత చూద్దాం’’ అన్నాడు.

ఆ రాత్రి హార్డ్ డిస్క్ తెరిస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంపర్థం లేని నాలుగు అక్షరాల తోక. ప్రతి ఫోల్డరులోనూ ‘రీడ్‌మీ’ అని కొత్తగా ఓ చీటీ. అందులో ఇంగ్లిషులో చాలా మర్యాదగా రాసి ఉంది: మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, కంగారు పడకండి, 980 డాలర్లు కడితే తాళం తీస్తాం. 72 గంటల్లోపు కడితే సగానికి సగం తగ్గింపు... 490 డాలర్లే!

అప్పటి లెక్కలో దాదాపు ముప్పై ఆరు వేల రూపాయలు. పండక్కి చీరల కొట్టువాడు పెట్టినట్టు డిస్కౌంటు కూడా. ఇంతకీ దొంగని లోపలికి రానిచ్చింది ఎవరు?

స్టూడియోలోని కుర్రాడు. వధూవరుల మీద పూలు రాలే ఎఫెక్టు ఒకటి కావాలని ఇంటర్నెట్‌లో వెతికాడు. కొంటే వేలల్లో ఖర్చు. ‘క్రాక్’ వెర్షన్ ఉచితం. ‘దీన్ని వేసేముందు యాంటీవైరస్ ఆపేయండి’ అని అక్కడే రాసుంది. ఇంటికొచ్చే దొంగే కుక్కని కట్టేయమంటే మనం కట్టేసినట్టు... ఆపేశాడు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ముందు లోపలి గదిలోని మిక్సింగ్ సిస్టమ్‌లో నొక్కాడు. ఏమీ జరగలేదు. పూలూ రాలలేదు. ఆ సిస్టమ్‌కి నెట్ లేదు కాబట్టి పనిచేయలేదేమో అనుకుని, కౌంటర్ దగ్గర నెట్ ఉన్న సిస్టమ్‌లోనూ నొక్కాడు. దానిమీద విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఓ కిటికీ కనిపించింది. అదీ నకిలీదే. మనం దాన్ని చూస్తూ కూర్చుంటే వెనకాల తాళాలు పడుతుంటాయి. ఆ రోజు కౌంటర్ సిస్టమ్‌కి పెద్ద హార్డ్ డిస్క్ కూడా తగిలించి ఉంది. ఎప్పుడైనా సిస్టమ్ పాడైతే పనికొస్తుందని దాచుకున్న బ్యాకప్ అది! సిస్టమ్‌తోపాటే దానికీ తాళం పడింది. 2020 ఫిబ్రవరి పెళ్లి ఉన్నది అందులోనే.

కుర్రాడు ఏడ్చాడు. ఆయన తిట్టలేదు. ఆ షాపులో ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా క్రాక్ వెర్షనేనని, అది వేయించింది తనేనని ఆయనకి తెలుసు.

* * *

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ఆ ఏడాదంతా ఇంటినుంచే పని. తాళం వార్త విని సైకిలు మీద వచ్చాడు. అప్పటికే ఆయన రాజమండ్రిలో ఇద్దరికి ఫోన్ చేసి ఉన్నాడు. ఒకరు ‘ఫార్మాట్ కొట్టేసి విండోస్ మళ్లీ వేసేయండి’ అన్నారు. ఇంకొకరు ‘అరవై వేలిస్తే ఫైళ్లు తీసిస్తాం, గ్యారంటీ’ అన్నారు.

‘‘మావయ్యా, ఫార్మాట్ కొడితే తాళంతోపాటు పెట్టె కూడా పోతుంది. ఆ అరవై వేలాయన ఏం చేస్తాడో తెలుసా? ముప్పై ఆరు వేలు దొంగకి కట్టి, మిగతాది జేబులో వేసుకుంటాడు’’ అన్నాడు మేనల్లుడు. అది ఉత్తి అనుమానం కాదు. డేటా తీసిస్తామని చెప్పి తెరవెనుక దొంగలకే డబ్బు కట్టిన సంస్థల సంగతిని 2019లో అమెరికా పత్రికలే బయటపెట్టాయి.

మరి ఆ తాళాన్ని మనం పగలగొట్టలేమా? ఆయన మొదట అడిగిన ప్రశ్న అదే. తాళాలు బద్దలుకొట్టేవాళ్లని సినిమాల్లో చూస్తాం కదా, నాలుగు మీటలు టకటకా నొక్కితే చాలు.

తాళంకప్ప ఉంటుంది చూడండి... దాన్ని నొక్కి వేయడానికి తాళంచెవి అక్కర్లేదు. ఎవరైనా నొక్కేయొచ్చు. తీయడానికి మాత్రం చెవి కావాలి. ఇలాంటి వైరస్‌లన్నీ తెరిచి ఉన్న తాళంకప్పలతో వచ్చి, నొక్కేసి పోతాయి. చెవి దొంగ దగ్గరే ఉంటుంది. దాన్ని మనమే తయారుచేసుకోవాలంటే ఓ పెద్ద సంఖ్యని రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టాలి. 15ని 3, 5గా విడగొట్టడం చిన్నపిల్లలు చేసే లెక్కే. కానీ దొంగలు వాడే సంఖ్యలో సుమారు 617 అంకెలుంటాయి. 2020 ఫిబ్రవరిలో - అదే ఆ పెళ్లి జరిగిన నెలలో - కొందరు పరిశోధకులు 250 అంకెల సంఖ్యనొకదాన్ని విడగొట్టారు. అందుకు ఒకే ప్రాసెసర్ కోర్‌తో అయితే దాదాపు 2700 ఏళ్లు పట్టేంత లెక్క చేయాల్సి వచ్చింది. అంకెలు పెరిగేకొద్దీ కష్టం రెట్టింపులు రెట్టింపులుగా పెరుగుతుంది. కాబట్టి 617 అంకెల సంగతి ఇక అడగొద్దు.

అందుకే తాళాన్ని ఎవరూ పగలగొట్టరు. దొంగ తొందరలో ఏమైనా వదిలేశాడా అని వెతుకుతారు. ఈ పని చేసేవాళ్లందరూ నిజానికి చేసేది అదొక్కటే.

మొదటి దొంగ నుంచీ కథ ఇదే. 1989లో జోసెఫ్ పాప్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఎయిడ్స్ సమాచారం అంటూ సుమారు ఇరవై వేల ఫ్లాపీలు పోస్టులో పంపాడు. వేసుకున్నవాళ్ల ఫైళ్ల పేర్లు తారుమారయ్యాయి. 189 డాలర్లు పనామా దేశంలోని ఓ పోస్టుబాక్సుకి పంపమన్నాడు. కానీ చెవిని ఆ ఫ్లాపీలోని ప్రోగ్రాములోనే పెట్టాడు మహానుభావుడు! కొద్దిరోజులకే విరుగుడు వచ్చేసింది.

మన దగ్గర అందరికీ గుర్తున్నది 2017 మే. వానాక్రై అనే వైరస్ ఒక్క వారాంతంలో 150 దేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు అది సోకింది. తిరుమల దేవస్థానం కంప్యూటర్లనూ కొన్నిటిని వదల్లేదు. అంతటి వానాక్రై కూడా ఓ చిన్న జాడ వదిలింది. తాళంచెవి తయారీకి వాడిన రెండు ప్రధాన సంఖ్యలు కాసేపు కంప్యూటర్ జ్ఞాపకంలోనే ఉండిపోయేవి. ఆడ్రియన్ గినే అనే ఫ్రెంచి పరిశోధకుడు దాన్ని పట్టుకుని వారం తిరక్కుండానే ఓ సాధనం రాశాడు. బెంజమిన్ డెల్పీ అనే మరో ఫ్రెంచి నిపుణుడు దాన్ని ఇంకొన్ని విండోస్‌లకు పనికొచ్చేలా చేశాడు. ఒక్కటే షరతు... వైరస్ సోకాక కంప్యూటర్ని ఆపి ఉండకూడదు. ఆపితే ఆ జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది. ఏ తేడా వచ్చినా ముందు స్విచ్చి ఆపి వేయడమే మనందరికీ తెలిసిన వైద్యం. ఆ వారం ప్రపంచమంతా ఎన్ని కంప్యూటర్లు అలా ఆగి, మళ్లీ వెలిగి, ఉన్న ఒక్క అవకాశాన్నీ పోగొట్టుకున్నాయో!

* * *

స్టూడియోని పట్టుకున్న వైరస్ కుటుంబానికి ‘స్టాప్’ అనీ ‘డీజేవీయూ’ అనీ పేర్లు. పెద్ద కంపెనీల జోలికి పోదు. క్రాకుల మీద బతికే విద్యార్థులు, చిన్న షాపులవాళ్లు, ఇళ్లలో కంప్యూటర్లున్నవాళ్లే దీని మేత. దీని మీద అందరికంటే ఎక్కువ పోరాడినాయనదీ చిన్న ఊరే. మైఖేల్ గిలెస్పీ. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో నార్మల్ అనే ఊరు (పేరే అది!). కంప్యూటర్లు బాగుచేసే షాపులో ఉద్యోగం. ఓ తాళం వేసిన ఫైలు, ఆ డబ్బులడిగే చీటీ పంపితే అది ఏ జాతి వైరస్సో చెప్పే ‘ఐడీ రాన్సమ్‌వేర్’ అనే సైటుని 2016లో ఉచితంగా పెట్టాడు. సొంతంగా క్యాన్సర్ ఆపరేషన్, మీద అప్పులు... అయినా విరుగుడుకి పైసా తీసుకోలేదు. న్యూజిలాండ్ కంపెనీ ఎమ్సీసాఫ్ట్‌తో కలిసి 2019 అక్టోబరులో డీజేవీయూ రకాలు 148టికి విరుగుడు విడుదల చేశాడు.

మేనల్లుడు ఆ విరుగుడుని కంపెనీ సొంత సైటు నుంచే తీసుకున్నాడు. దానికీ కారణముంది. 2020లో డీజేవీయూకి విరుగుడంటూ ఒకటి ఇంటర్నెట్‌లో తిరిగింది. వేసుకున్నవాళ్ల ఫైళ్లకి ఉన్న తాళం మీద రెండో తాళం వేసింది.

ముందుగా రాజమండ్రి నుంచి కొత్త హార్డ్ డిస్క్ తెప్పించి, తాళం పడిన ఫైళ్లన్నిటినీ, ఆ చీటీలతో సహా ఉన్నవి ఉన్నట్టు దానిలోకి దింపాడు. పాతదాన్ని ముట్టుకోకుండా కొత్తదాని మీదే ప్రయోగాలు. నెట్ తీసేశాడు. మావయ్య బ్యాంకు పాస్‌వర్డులు, మెయిల్ పాస్‌వర్డులు వేరే ఫోన్లో మార్పించాడు. ఈ వైరస్ చాలాసార్లు పాస్‌వర్డులు దొంగిలించేవాడినీ వెంటబెట్టుకొస్తుంది.

చీటీ కింద ‘మీ ఐడీ’ అని ఓ పొడుగాటి అంకె ఉంటుంది. కౌంటర్ సిస్టమ్‌దీ, లోపలి గదిదీ పక్కపక్కన పెట్టి చూశాడు. లోపలి గదిదాని చివర ‘టీ1’ అని ఉంది.

‘‘ఇది మన అదృష్టం మావయ్యా.’’

‘‘ఎలాగరా?’’

నెట్ ఉంటే ఈ వైరస్ దొంగ సర్వరుని అడిగి ఒక్కో కంప్యూటర్‌కీ ఒక్కో కొత్త చెవి తెచ్చుకుంటుంది. నెట్ లేకపోతే? తనతో తెచ్చుకున్న ఉమ్మడి చెవితోనే పని కానిచ్చేస్తుంది. ఆ రకం వైరస్ సోకిన, నెట్ లేని కంప్యూటర్లన్నిటికీ ప్రపంచమంతటా అదే చెవి. ఎక్కడో ఎవరో దొంగకి డబ్బు కట్టి ఆ చెవి తెచ్చుకుని, మంచి మనసుతో ఎమ్సీసాఫ్ట్‌కి ఇస్తే, మిగతా అందరికీ తాళం ఊడొస్తుంది. అంటే ఎవరో ఒకరు ఓడిపోవాలి, మిగతావాళ్లు గెలవడానికి. ఆ రోజుకి ఇంకా ఎవరూ ఇవ్వలేదు. ఆగాలి.

కౌంటర్ సిస్టమ్ ఐడీ చివర మాత్రం ‘టీ1’ లేదు. దాని చెవి ఆ దొంగ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పెళ్లి వీడియో ఉన్నది అందులోనే.

ఆ రాత్రి ఆయన ముప్పై ఆరు వేలు కట్టేద్దామనే అనుకున్నాడు. ఇంటావిడతో అన్నాడట, ‘‘నేను పన్నెండు వేలకి ఆపాను. వాడు ముప్పై ఆరు వేలకి ఆపాడు. ఇద్దరం ఆపింది ఆవిడ వీడియోనే కదా.’’ ఆవిడ ఏమీ అనలేదు. కట్టినా ఇస్తాడని నమ్మకమేమిటని మేనల్లుడు వారించాడు. ‘రెండ్రోజులాగు మావయ్యా, ఇంకోటి చూస్తాను’ అన్నాడు.

ఆ ఇంకోటేమిటంటే, దొంగ తొందర. వేల ఫైళ్లు, కొన్ని గిగాబైట్ల సైజువి. అన్నిటికీ పూర్తిగా తాళం వేస్తూ కూర్చుంటే ఈలోపు ఎవరైనా చూసేస్తారు. అందుకే డీజేవీయూ ప్రతి ఫైల్లోనూ మొదటి 150 కిలోబైట్లు మాత్రమే తారుమారు చేసి తర్వాతి ఫైలుకి వెళ్లిపోతుంది. పుస్తకంలో మొదటి పేజీ చింపి పారిపోయినట్టు. చిన్న ఉత్తరమైతే అంతా పోయినట్టే. వెయ్యి పేజీల గ్రంథమైతే?

పెళ్లి కెమెరా సెకనుకి దాదాపు మూడు మెగాబైట్లు రాస్తుంది. ఆ లెక్కన 150 కిలోబైట్లంటే సెకనులో ఇరవయ్యో వంతు. రెప్పపాటు కూడా కాదు! మొదటి పేజీ పోయేసరికి ఫైలెలా చదవాలో కంప్యూటర్‌కి తెలియడం లేదంతే. పైగా చాలా కెమెరాలు వీడియో విషయసూచికని ఫైలు చివర్లో రాస్తాయి. అది చెక్కుచెదరలేదు. ఇలా దెబ్బతిన్న వీడియోల్ని అతుకు వేసే ఉచిత సాధనాలు ఉన్నాయి. అదే కెమెరాతో, అదే సెట్టింగులతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా చూపించాలి. ఆయన బీరువాలోంచి పాత కెమెరా తీసి, వీధిలోకి పెట్టి రెండు నిమిషాలు తీశాడు. కర్ఫ్యూ రోడ్డు, ఓ ఆవు, మూసి ఉన్న టీకొట్టు.

ఆ ఆవు వీడియో నమూనాగా పెట్టి నొక్కితే... మొదట ఒక క్షణం గళ్లుగళ్లుగా వచ్చి, తర్వాత పందిరి కనిపించింది. సన్నాయి వినిపించింది.

ఫొటోల దగ్గరే తేడా వచ్చింది. ఏడెనిమిది మెగాబైట్ల ఫొటోలో 150 కిలోబైట్లు పోతే పైన సన్నటి పట్టీ పోతుంది. మిగతాదాన్ని అదే కెమెరా ఫొటో మొదటి భాగం అతికించి రప్పించొచ్చు. రంగులు కాస్త తిరగబడి వస్తాయి, మళ్లీ దిద్దుకోవాలి. పందిరిలో పై గుడ్డ, పూలదండల వరస పోయింది. మనుషులున్నారు. కెమెరాని నిలువుగా తిప్పి తీసినవాటిలో మాత్రం ఆ పట్టీ పక్కకు పడింది. ఒకదాంట్లో పక్కనున్న తోడిపెళ్లికూతురు భుజం, చెయ్యి పోయాయి. పోనీలే అనుకున్నారు.

150 కిలోబైట్ల కంటే చిన్నవైతే అసలేమీ మిగల్లేదు. ఈ షాపులో అలాంటివి ఎక్కువే. తాతల కాలం నాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు, ఆధార్ పక్కన పెట్టుకునే పాస్‌పోర్టు సైజులు, దినానికి పెద్దది చేయించుకోవడానికి ఎవరో వాట్సాప్‌లో పంపిన బొమ్మలు. ఊళ్లో చాలామందికి తమవాళ్ల ఫొటో ఉన్నది ఆ షాపులోనే. వాటిని ఏ అతుకూ తేలేదు. ఖరీదైన పెళ్లిళ్లు తిరిగొచ్చాయి, చిన్న ఫొటోలు పోయాయి.

వారం తర్వాత ఆవిడ కూతురితో కలిసి వచ్చింది. మిక్సింగ్ ఏమీ చేయలేదని, పాటలూ పూలూ ఏమీ వేయలేదని, తీసింది తీసినట్టే ఉందని ఆయన ముందే చెప్పాడు. కౌంటర్ మీదున్న తెరలోనే పెట్టాడు. కన్యాదానం దగ్గర పంతులుగారి మంత్రాలే తప్ప ఆ తండ్రి గొంతు వినిపించలేదు. కూతురు ముందుకి జరపమంది. భోజనాల దగ్గర దొరికారాయన. భుజం మీద తుండు, చేతిలో నీళ్ల జగ్గు. వీడియో తీస్తున్నారని చూడకుండా ఎవరి మీదో గట్టిగా కేకలేస్తున్నారు: ‘‘ఆ చివరి బంతికి గుత్తొంకాయ రాలేదయ్యా! ఎన్నిసార్లు చెప్పాలి?’’

ఇద్దరూ నవ్వారు. మళ్లీ పెట్టమన్నారు. ఆయన మూడుసార్లు పెట్టాడు.

వెళ్లేటప్పుడు ఆవిడ పర్సు తీసింది. ఆయన వద్దన్నాడు. ‘‘ఆయన ఉంటే ఊరుకునేవారా తమ్ముడూ’’ అని నాలుగు వేలు కౌంటర్ మీద పెట్టి, మిగతాది పంట చేతికొచ్చాక ఇస్తానంది. ఆయన తీసుకోక తప్పలేదు. ఎందుకు ఇన్నాళ్లూ ఇవ్వలేదో, వారం రోజులు ఏం జరిగిందో ఆవిడకి చెప్పనేలేదు.

లోపలి గది సిస్టమ్ ఉమ్మడి చెవి ఆ ఏడాది చివర్లో వచ్చింది. డబ్బు కట్టిందెవరో, ఏ దేశమో తెలీదు. మేనల్లుడు విరుగుడు నొక్కితే రెండేళ్ల మిక్సింగులు ఒక రాత్రిలో ఊడొచ్చాయి. ఇప్పుడు బ్యాకప్ డిస్క్ పని అయిన వెంటనే పీకి బీరువాలో పెడుతున్నారు, ఇంకో కాపీ ఇంటి దగ్గర. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా డబ్బు కడుతున్నారు. కడుతున్నప్పుడల్లా ఆయన గొణుగుతారు కూడా.

ఆ బీరువాలోనే, కోట సత్తెమ్మ తల్లి పటం వెనకాల, నల్ల డిస్క్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంది. తాళం ఊడని చిన్న ఫొటోలన్నీ అందులోనే. పారేయలేదు. ఎప్పుడైనా ఆ దొంగలు పట్టుబడి వాళ్ల సర్వరు పోలీసుల చేతికొస్తే చెవులు బయటపడొచ్చని మేనల్లుడు చెప్పాడు. వేరే వైరస్‌ల విషయంలో అలా జరిగింది కూడా. పండక్కి వచ్చినప్పుడల్లా మావయ్య అడుగుతాడు, ‘‘ఏరా, వచ్చిందా?’’

‘‘లేదు మావయ్యా. ఇంకా రాలేదు.’’